విఠల్ సేటు దుకాణంలో పసుపు పువ్వు

అద్దం పని నేర్చుకుంటామని వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది ఒకటే. "తాతా, చెయ్యి ఎన్నిసార్లు కోసుకున్నవ్?" నేను లెక్కపెట్టలేదు. ఎడమచేతి బొటనవేలు చూపిస్తాను, వాళ్ళు నోళ్ళు తెరుస్తారు, నాకు కాస్త గర్వంగానే ఉంటుంది. కానీ తెగిన వేలు పదిరోజుల్లో అతుక్కుంటుంది. ఈ పనిలో భయపడాల్సిన పొరపాటు వేరే ఉంది. నేను దాన్ని చేసినప్పుడు నా ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదు. కొత్త చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాను, చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను పొగుడుతున్నారు.

నిజామాబాద్‌లో నేను అద్దాలు కోసిన ఏళ్ళన్నీ రాయబోవడం లేదు. అరవైల్లో ఒక్క ఏడాది గురించి రాస్తాను. ఆ ఏడు తలుచుకుంటే ఈ వయసులో కూడా కుదురుగా కూచోలేను. చేతులు దురద పెడతాయి. నేను చేసిన వాటిలో అన్నిటికన్నా పెద్ద పని, అన్నిటికన్నా పెద్ద తప్పు, అన్నిటికన్నా మంచి పని, మూడూ ఆ ఏడాదివే. మూడూ ఒకే కిటికీ.

మా ఉస్తాద్

నాది మాక్లూర్. మా బాపు వడ్రంగి. నిజామాబాద్‌లో యూసుఫ్ ఉస్తాద్ దగ్గర పటాలకు చౌకట్లు చెయ్యడానికి నన్ను పంపాడు. వారం తిరిగేసరికి నా కళ్ళు కట్టె మీద లేవు, ఆయన చేతి మీద ఉన్నాయి. హైదరాబాద్‌లో నవాబుల పాత దేవిడీల రంగుటద్దాల కిటికీలు బాగుచేసి వచ్చిన మనిషి ఆయన. అద్దం మీద వజ్రపు కలం పెట్టి ఒక్కసారి లాగితే సన్నగా ఒక చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు తెగకుండా చివరిదాకా వస్తే అద్దం చెప్పినట్టు విరుగుతుంది. మధ్యలో ఆగి మళ్ళీ మొదలుపెట్టావా, ఆగిన చోటే పగులుతుంది.

ఉస్తాద్ చెయ్యి గొప్పది. నోరు మాత్రం పిసినారిది. ఏదీ ఎందుకో చెప్పడు. "విను బేటా, అద్దమే చెప్తది" అనేవాడు. అద్దం నాకేమీ చెప్పలేదు, రెండేళ్ళ పాటు పగలడం తప్ప. మీకు నేర్పేవాడు కూడా ఇలాంటివాడే దొరికితే ఆయన చేతిని చూసి నేర్చుకోండి, కానీ నోరు తెరిచి అడగండి కూడా. నేను అడగలేదు. అడిగుంటే తర్వాత జరిగింది జరిగేది కాదేమో.

బోధన్‌లో తిన్న చివాట్లు

సొంతంగా పనులు పట్టడం మొదలుపెట్టిన కొత్తలో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నుంచి చిన్న పని వచ్చింది. చెరకు రసం పెద్ద పాన్‌లో ఉడుకుతుంటే పాన్ మేస్త్రి మధ్యమధ్యలో ఒక చుక్క పాకం తీసి గాజు పలక మీద వేస్తాడు. వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తాడు. పలుకు కట్టిందా లేదా అన్నది ఆయన కన్ను తేల్చాలి. ఆ పలకలు రెండు డజన్లు కావాలన్నారు.

నేను ఊరుకుంటానా? కళాకారుణ్ణి గదా! ఒక్కో పలక అంచును ఏటవాలుగా అరగదీసి, నున్నగా మెరుగు పెట్టాను. వెలుతురుకు పట్టుకుంటే అంచుల్లో ఏడు రంగులు ఆడేవి. కొత్త బట్టలో చుట్టి తీసుకుపోయాను. మేస్త్రి చుక్క వేశాడు, ఎత్తాడు, చూశాడు, దించాడు.

"గిదేంది? అంచుల పొంటి రంగులు మెరుస్తున్నయ్."

"మంచిగుందా అన్నా?"

"నాకు నీ అద్దం కనబడొద్దు తమ్మీ. నా చక్కెర కనబడాలె. సాదాగ కోసి తీస్కరా పో."

బస్సులో వస్తూ దారి పొడుగునా ఆయన్ని తిట్టుకున్నాను. అందం తెలియని మొద్దు అన్నాను. మళ్ళీ కోసిచ్చి ఆ మాట అక్కడే మరిచిపోయాను. అది నాకు అర్థం కావడానికి ఇంకా మూడేళ్ళు పట్టింది.

"రోజూ సూసేదే గద"

విఠల్ సేటు నిజామాబాద్ గంజ్ మార్కెట్లో పసుపు దుకాణం నడిపేవాడు. రైతులు పసుపు తెచ్చి ఆయన దుకాణంలో కుప్ప పోస్తారు, వ్యాపారులు వచ్చి చూసి బేరం చేస్తారు, ఆయన ఇద్దరి మధ్యా కూచుంటాడు. తాత కాలం నాటి పాత దుకాణం తీసేసి కొత్తది కట్టిస్తున్నాడు. తూర్పు గోడకు మనిషిన్నర ఎత్తు ఖాళీ వదిలిపెట్టాడు. హైదరాబాద్ దేవిడీల్లో ఉన్నట్టు అక్కడ రంగుటద్దాల కిటికీ కావాలి. వచ్చే సీజన్ నాటికి తయారు కావాలి. ఉస్తాద్‌కి అప్పటికే చూపు మందగించింది. కాబట్టి సేటు ఈ పని నాకు చెప్పాడు.

సేటు గొప్పలకు పోయే మనిషే. కానీ మాట తప్పే మనిషి కాదు. దీన్ని గుర్తుపెట్టుకోండి.

"లక్ష్మీదేవిని పెట్టు నర్సయ్యా. లేకుంటె నెమలిని పెట్టు" అన్నాడు.

"నీ దుకాణంల అమ్మేది నెమలినా సేటు? పసుపు చెట్టును పెడ్త."

"రోజూ సూసేదే గద! దాన్ని సూడనీకె కిటికీ ఎందుకు?"

పక్కన గోనె సంచి మీద కూచున్న ఒక ముసలమ్మ గట్టిగా నవ్వింది. ఆమె లస్మవ్వ, కమ్మర్‌పల్లి రైతు. భర్త పోయాక సేద్యమంతా తానే చేసుకునేది. ఆమె తెచ్చిన పసుపు అంటే గంజ్‌లో పేరు.

"రోజూ సూస్తవా సేటు? అయితే పసుపు పువ్వు ఏ రంగుంటదో జెప్పు."

సేటు కొమ్ముల కుప్ప వంక చూశాడు. మూడు తరాలుగా పసుపు మీద బతికిన ఇల్లు. ఎండిన కొమ్ములు తప్ప ఆయన పొలంలో పసుపును చూడలేదు. ఆమె నా వైపు తిరిగింది.

"నీకెర్కనా, పిల్లగా?"

"పసుపుకు పువ్వుంటదనే ఎరుక లేదవ్వా."

"వానలు పడ్డంక కమ్మర్‌పల్లి రా. సూపెడ్త. సూడకుండ ఏం బొమ్మ గీస్తవ్?"

కమ్మర్‌పల్లి చేనులో

భాద్రపదంలో ఆర్మూర్ మీదుగా బస్సెక్కి పోయాను. చేను నా నడుం దాటి పెరిగి ఉంది. ఎటు చూసినా ఆకులే, వెడల్పాటి పచ్చటి ఆకులు. పువ్వు మాట దేవుడెరుగు, మొగ్గ కూడా కనబడలేదు. ముసలామె నన్ను ఆట పట్టిస్తోందనుకున్నాను.

"ఏదవ్వా పువ్వు?"

"నిలబడి సూస్తె కనబడ్తదా? వంగు."

ఆమె ఒక మొక్క ముందు వంగి, రెండు చేతులతో ఆకులు పక్కకు జరిపింది. లోపల, మొక్క నడుమ, దాగి ఉంది. కింద లేత ఆకుపచ్చ రేకులు, పైకి పోయేకొద్దీ తెలుపు, కొసల్లో ఎవరో వేలితో అద్దినట్టు గులాబీ. ఒక్కో రేకు మడతలో చిన్న పసుప్పచ్చ పువ్వు. నేను "అబ్బా!" అని అరిచాను. పక్క చేనులో వాళ్ళు పామేమో అనుకుని పరుగెత్తుకొచ్చారు. లస్మవ్వ ఆకులు వదలకుండానే పగలబడి నవ్వింది.

"ఆకులిడిస్తె మల్ల కనబడదు. జల్ది గీస్కో. నా చేతులు నొస్తున్నయ్" అంది.

ఆమె పట్టుకునే ఉంది, నేను గీస్తూనే ఉన్నాను. వాన మొదలైంది. కాగితం తడిసింది. నాకేమీ పట్టలేదు. తిరుగు బస్సులో కూచున్నప్పుడు కిటికీ మొత్తం నా కళ్ళ ముందు కట్టి సిద్ధంగా ఉంది. నిండా ఆకులు, ఒకదాని మీద ఒకటి, ఐదు రకాల ఆకుపచ్చలతో. పైన నడుమ పువ్వు, ఆకుల చాటున. చూసేవాడు వెతికితే గానీ దొరక్కూడదు. ఎంత తెలివైన ఆలోచన అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

గులాబీ ముక్క

ఆ నెలల సంతోషం ఎలా చెప్పాలో తెలియదు. తెల్లారితే చాలు, అద్దం దగ్గరికి పరుగెత్తేవాణ్ణి. ఆకుపచ్చ అద్దాలు బొంబాయి నుంచి తెప్పించాం. ఒకటి గడ్డి రంగు, ఒకటి ముదురు, ఒకటి నీలం కలిసింది, ఇంకో రెండు వాటికి మధ్యవి. ఒక్కో ఆకుకు పదీ పన్నెండు ముక్కలు. ముక్కకూ ముక్కకూ మధ్య సీసం పట్టీ. ఒక ఆకు పూర్తయ్యేసరికి ఇంకో ఆకుకు మంచి ఆలోచన వచ్చేది. పాతది విప్పి మళ్ళీ చేసేవాణ్ణి. అన్నం తింటూ పళ్ళెంలో ఆకులు గీస్తున్నానని మా ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు.

పువ్వుకు గులాబీ రంగు దొరకలేదు. ఉన్న ఎరుపులన్నీ మరీ ముదురు. చివరికి నేను గీసిన కాగితం తీసుకుని ఉస్తాద్ దగ్గరికి పోయాను. ఆయన దాన్ని ముక్కుకు ఆనించుకుని చాలాసేపు చూశాడు. లేచి, సందూక తెరిచి, అడుగు నుంచి మాసిన రుమాలు తీశాడు. అందులో అరచేయంత గులాబీ అద్దం.

"దేవిడీల కిటికీ ఇప్పినప్పుడు మిగిలింది. ఇరవై ఏండ్ల సంది దాచిన. ఎందుకు దాస్తున్ననో నాకే ఎరుక లేకుండె" అన్నాడు.

కలం పెట్టబోయి రెండుసార్లు వెనక్కి తీశాను. కోస్తూ పాడుచేస్తే మళ్ళీ దొరకదు. ఆయనే నా మణికట్టు మీద చెయ్యి వేశాడు. ఇద్దరం కలిసి గీత లాగాం. చప్పుడు తెగలేదు. రేకుల కొసలన్నీ ఆ ఒక్క ముక్కలోనే వచ్చాయి.

మాఘంలో, సీజన్‌కు నాలుగు రోజుల ముందు కిటికీ గోడకెక్కింది. పొద్దున ఎండ పడగానే కొత్త షాబాద్ బండల మీద ఆకుల నీడలు పరుచుకున్నాయి. నీడలా అవి? దుకాణం మొత్తం చేనైపోయింది. సేటు తెల్ల ధోవతి పచ్చగా మారితే పిల్లలు చప్పట్లు కొట్టారు. గంజ్‌లో పసుపు మీద బతికేవాళ్ళంతా వచ్చి చూశారు. అందరూ "వాహ్‌వా" అన్నారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, పిడికెడు పసుపు తెచ్చి ఆ బండల మీద పెట్టి చూడలేదు. నేనూ పెట్టలేదు.

మొదటి కుప్ప

సీజన్ మొదటిరోజు సేటు నాకు కొత్త చొక్కా పెట్టాడు. మొదటి కుప్ప లస్మవ్వదే కావాలని ముందే కబురు పంపాడు, చెట్టు ఆమె చూపించిందే కదా అని. కొబ్బరికాయ కొట్టారు. సంచులు విప్పి కొమ్ములు పోశారు. లస్మవ్వ కిటికీ వంక చూసి, "నా చేను గిక్కడికొచ్చిందా ఏందిరా" అని మురిసిపోయింది.

సాంగ్లీ నుంచి ఏటా వచ్చే మరాఠీ వ్యాపారి ఒక కొమ్ము తీసి పటుక్కున విరిచాడు. మొహం చిట్లించాడు. ఇంకోటి విరిచాడు.

"రంగ్ నాహీ అవ్వా. ఉడకవెట్టుడు తప్పింది."

"నా ఉడకవెట్టుడు తప్పిందా?"

"నువ్వే సూడు."

ఆయన రుమాలు కింద సేటు చెయ్యి పట్టుకుని వేళ్ళతో ధర చెప్పాడు. సేటు మొహం వాడిపోయింది. పోయినేడు పక్క దుకాణంలో మామూలు పసుపుకు పలికిన ధర కూడా కాదు. లస్మవ్వ విరిగిన ముక్క తీసుకుంది. కళ్ళ దగ్గర పెట్టుకుంది. లోపల మట్టి రంగుగా, నల్లగా ఉంది. నలభై ఏళ్ళుగా పసుపు ఉడకబెట్టిన మనిషి ఆ ముక్కను కొంగుతో తుడిచి మళ్ళీ చూసింది. "పొయ్యి కాడ నేనే ఉన్న గద... ఎట్ల తప్పింది?" అని తనలో తాను అనుకుంటోంది. గంజ్ మొత్తం మెచ్చుకున్న తన పసుపును ఆమె తానే అనుమానించింది.

ఆ ముక్క మీద పడుతున్నది నా ముదురు ఆకుపచ్చ. నాకు తెలిసిపోయింది. మూడో ఆకు, ఎడమవైపుది, రెండుసార్లు విప్పి చేసింది.

నేను వెంటనే నోరు విప్పలేదు. పిల్లలూ, ఈ ఒక్క వాక్యం కోసమే ఇదంతా రాస్తున్నాను. వ్యాపారి మూడో కొమ్ము విరిచాడు. నేను చూస్తూ నిలబడ్డాను. "ఈ ఒక్క బేరం అయిపోనీ, రేపు ఏదో ఒకటి చేద్దాం" అనుకున్నాను. చెప్తే నా కిటికీ పోతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అవ్వ తల దించుకుని సంచులు మళ్ళీ నింపడానికి వంగింది. చేనులో నా కోసం ఆకులు పట్టుకుని వంగినట్టే వంగింది. అది చూసి ఆగలేకపోయాను.

"అవ్వా, గది ఇటియ్యి" అని ఆ ముక్క లాక్కుని బజార్లోకి నడిచాను. ఎండలో ఎత్తి పట్టాను. గుడ్డులో పచ్చసొనలా వెలిగింది.

"సేటూ, అందరు ఇటు రాండ్రి! తప్పు అవ్వది గాదు. నా అద్దంది!"

అందరూ వచ్చారు. వ్యాపారి ముక్కను లోపలికీ బయటికీ నాలుగుసార్లు తిప్పి చూశాడు. ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి సేటు వంక తిరిగాడు.

"ఇయ్యాల పచ్చటద్దం. రేపు నారింజ రంగుది పెట్టి పాడు పసుపు గూడ మాకు అమ్ముతవా సేటు?"

సేటుకు ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. అప్పటికప్పుడు గోనె సంచులు తెప్పించి కిటికీకి అడ్డం కట్టించాడు. బేరం బయట ఎండలో మళ్ళీ జరిగింది. లస్మవ్వకు రావాల్సిన ధర వచ్చింది. కానీ ఆమె నా వంక చూడకుండా వెళ్ళిపోయింది. నెలల తరబడి చేసిన పని మీద గోనె పట్టాలు వేలాడుతుంటే నేను కొత్త చొక్కాతో గడప మీద కూచున్నాను. ఏడ్చాను కూడా. దాచడమెందుకు?

దించాలా, ఉంచాలా

మర్నాడు ఉస్తాద్ వచ్చాడు. సంచి కొస ఎత్తి ఆకుల్ని తడిమాడు.

"కిటికీ కింద పసుపు పోస్తరని నాకు జెప్పలే నువ్వు."

"నువ్వు అడగలే ఉస్తాద్."

జీవితంలో ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు. ఆయన ఫక్కున నవ్వాడు. ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం.

సేటు పెద్దమనిషి. నన్ను ఒక్క మాట అనలేదు. "దించు నర్సయ్యా. మా ఇంట్ల పెట్టుకుంట. ఒక్క ముక్క గూడ ఇడగొట్టకు" అన్నాడు. ఆశపడ్డాను, అబద్ధం చెప్పను. కిటికీ చెక్కుచెదరకుండా బతుకుతుంది. కానీ అక్కడ చూసేదెవరు? సేటు, ఆయన చుట్టాలు. పసుపు పండించేవాళ్ళు మాత్రం గంజ్‌కే వస్తారు. అవ్వ చేను అవ్వకు కనబడని చోట పెట్టి ఏం లాభం? అప్పుడు వినబడింది, బోధన్ మేస్త్రి గొంతు, మూడేళ్ళ తర్వాత: నా చక్కెర కనబడాలె.

"ఇంటికొద్దు సేటు. నాలుగు రోజులియ్యి" అన్నాను.

ఆకులు విప్పేశాను. ఐదు రకాల ఆకుపచ్చలు, అన్నీ. సీసం పట్టీలు లేపుతుంటే మొదటి ఆకు దగ్గర రెండుసార్లు ఆగాను. నాలుగో ఆకు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఊపందుకుంది. ఆ చోట్లన్నీ సాదా అద్దం బిగించాను. పువ్వొక్కటే మిగిలింది. దాని రంగు ఎక్కడ పడుతుందో ఈసారి పిడికెడు కొమ్ములు చేతబట్టుకుని పొద్దంతా వెంట తిరిగాను. పొద్దున అది ఎదుటి గోడ మీద ఉంటుంది. బేరాలు ముగిసే వేళకు మెల్లగా దిగి మూల కాటా దగ్గరికి వస్తుంది. అక్కడికి వచ్చిన పసుపుకు ధర అప్పటికే తేలిపోయి ఉంటుంది. వేసవిలో ఎండ దారి మారుతుంది కాబట్టి అప్పుడూ వెళ్ళి మళ్ళీ చూశాను. మీరూ ఇలాగే చెయ్యండి. మీ రంగు దేని మీద పడుతుందో దాన్ని చేత్తో పట్టుకుని చూడండి. బండ మీద అందంగా ఉందని ఇంటికి పోవద్దు.

పది రోజులకు లస్మవ్వ మిగిలిన పసుపు తెచ్చింది. ఆమె వస్తోందని తెలిసి నేను తెల్లవారుజాము నుంచే అక్కడ ఉన్నాను. ఆమె పైకి చూడలేదు. కుప్ప పోసింది. వ్యాపారి విరిచిన కొమ్ము తానే తీసుకుని, తానే చూసుకుంది. లోపల ఎండ రంగు. రుమాలు కింద వేళ్ళు కదిలాయి, సేటు తలూపాడు, బేరం తెగింది. అప్పుడు గానీ ఆమె తలెత్తలేదు.

తెల్లటి వెలుతురులో ఒక్క పువ్వు. కింద లేత ఆకుపచ్చ, పైన తెలుపు, కొసల్లో ఉస్తాద్ ఇరవై ఏళ్ళు దాచిన గులాబీ.

నేను ఆమె దగ్గరికి పోయాను.

"ఆకులన్ని తీసేసిన అవ్వా."

"మరి తియ్యకుంటె పువ్వెట్ల కనబడ్తది కొడుకా?" అంది. పసుపంటిన రెండు చేతులూ ముందుకు చాపి, అక్కడ లేని ఆకుల్ని పక్కకు జరిపి చూపించింది. "ఆనాడు నేను గిట్లనే గద జరిపిన?"